జీలుగు చెట్టు క్రింద

ఫ్రాన్సు దేశమున తరతరములుగా ద్రాక్షసారాయము చేయు కుటుంబములు పెక్కు గలవు. అల్సాసు సీమలోని రిక్విర్ గ్రామమున హ్యూగెల్ వంశమువారు 1639 నుండియు ఈ వృత్తియందే యున్నారు. వారి నేలమాళిగలను చూచుటకు యాత్రికులు దూరదేశములనుండి పోవుదురు. మన జంగారెడ్డిగూడెమునుండి బుట్టాయిగూడెము మీదుగా మన్యములోనికి పోయినచో, నేలమాళిగలు లేకున్నను, అట్టి కుటుంబవృత్తియే కానవచ్చును. అది జీలుగు కల్లు.

సోదరీమణులు మొగము చిట్లింపవలదు. కల్లు, సారా యన్నంతనే మనకు కూలిన కాపురములు జ్ఞప్తికి వచ్చుట సహజము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993లో సారాయు, 1995లో మద్యమంతయు నిషేధింపబడెను. 1997లో ఆ నిషేధము సడలెను. 2022 మార్చిలో జంగారెడ్డిగూడెముననే వరుసగా మరణములు సంభవింపగా, నాటుసారాయే కారణమని పలువురనిరి; ప్రభుత్వము కాదనెను. పసుపుకుంకుమలు పోయినవారికి ఆ వాదముతో ఏమి పని?

జీలుగు కథ కొంత వేరు. నేను పోయిన కోయవారి యింట ఈ చెట్లు పొలమువలె తండ్రినుండి కుమారులకు సంక్రమించుచున్నవి. ఆకు చేపతోకను పోలియుండును. చెట్టు పెక్కేండ్లు పెరిగి, తలనుండి గెలలు వేయ మొదలిడి, క్రమముగా క్రిందికి దిగుచు, కట్టకడపటి గెలతో ఎండిపోవును. ద్రాక్షతీగ ఏటేట చిగిర్చును. దీనికి ఒక్కటే యౌవనము. కావున తాత నాటినదానిని మనుమడు గీయవలెను. కరవువచ్చినపుడు మ్రానులోని గుజ్జును దంచి పిండిచేసుకొనుటయు కొండజాతులవారికి తెలిసినదే.

మానునకు కట్టిన వెదురుబొంగుపై అడుగిడుచు ఎక్కి, గెలను ఉదయసాయములు పలుచగా కోసి కుండ కట్టుదురు. వేకువను దించిన రసమును ఇంటి ముసలామె ఆకుదొప్పలో పోసి యిచ్చెను. కొబ్బరినీటికంటె తీపి.

"ఇప్పుడు పిల్లలు తాగుతారమ్మా. పొద్దెక్కితే మగాళ్లది" అనెను.

"పొద్దెక్కినా పులియకుండ ఆపలేవా, అవ్వా?"

"సున్నం పూసిన కుండ కడితే ఆగుద్ది. కాచి బెల్లం చేస్తాను."

ఫ్రెంచివారి సారాయము పీపాలలో ఏండ్లు నిలిచి విలువ పెంచుకొనును. ఈ రసము మధ్యాహ్నమువరకైన నిలువదు. గాలిలోని సూక్ష్మజీవులు చక్కెరను మద్యముగా మార్చివేయును. సున్నము వానిని అడ్డును. రసము బిడ్డకు చేరునో, మైకమునకు చేరునో ఆ పిడికెడు సున్నమే నిర్ణయించునన్నమాట!

ఆనాడు దించిన మూడు కుండలలో సున్నము పూసినది ఒక్కటే. కారణమడిగితిని.

"బెల్లానికి గంటలకొద్దీ పొయ్యి ముందు కూకోవాల, కట్టెలు మోయాల. సంతకి నేనే పోవాల. కల్లుకైతే తెల్లారకముందే వాళ్లే వస్తారు" అని, అవ్వ ఆ ఒక్క కుండను పొయ్యిపై కెత్తెను.