మా బడి ముందరి నేల

పిల్లలూ! నేను ముప్ఫై ఏళ్ళకు పైగా బళ్ళలో పాఠాలు చెప్పాను. ఆ పాఠాలన్నీ ఇప్పుడు మీకు మళ్ళీ చెప్పబోవడం లేదు. ఒకసారి నేను నేర్చుకున్న పాఠం మాత్రం చెబుతాను. అది నాకు నేర్పినది ఒక ఖాళీ మంచినీళ్ళ కుండ.

2001లో నేను ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరి హైస్కూలుకు హెడ్మాస్టరుగా వెళ్ళాను. బడి భవనం బాగానే ఉన్నది. కాని వరండా మెట్లకూ గేటుకూ మధ్య ఒక ఖాళీ జాగా ఉండేది. పొడవు 40 అడుగులు, వెడల్పు 20 అడుగులు ఉంటుంది. అది మెట్ల వైపు ఎత్తుగానూ, గేటు వైపు పల్లంగానూ ఉండేది. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకే దాకా దాని మీద ఎండే. గాలి వీస్తే అక్కడి దుమ్మంతా తరగతి గదుల్లోకి వచ్చేది. వాన కురిస్తే అక్కడి మట్టి ఎర్రనీళ్ళతో కలిసి గేటు దాటి రోడ్డు మీదికి పోయేది. ఏటేటా అలా కొట్టుకుపోయి, మెట్ల కింద పునాదిరాళ్ళు జానెడు మేర బయటపడ్డాయి.

"ఈ నేలను పచ్చగా ఏదైనా కప్పి ఉంచాలి" అనుకున్నాను. అలా అనుకోవడం మంచిదే. ఆ తరువాత చేసిన పనే తప్పు.

అంతకు ముందొకసారి నేను గోదావరి వైపు పెళ్ళికి వెళ్ళి, దారిలో కడియం నర్సరీలు చూశాను. అక్కడ తివాచీ పరిచినట్టు మెత్తని పచ్చిక ఉన్నది. అది నా కళ్ళలో నిలిచిపోయింది. అలాంటి పచ్చికనే తెప్పించి, 2002 వానాకాలంలో బడి ముందు పరిపించాను. కడియం దగ్గర గోదావరి కాలువలు పారుతుంటాయనీ, మాది గరప నేల అనీ, ఊళ్ళో పిల్లలందరికీ కలిపి బడిలో ఉన్నది ఒకే ఒక బోరింగు అనీ నాకు తోచనే లేదు.

ఆ ఏడు వానలు సరిగా కురవలేదు. పచ్చిక ఎర్రబడసాగింది. నేను తరగతికి ఒక రోజు చొప్పున వంతులు వేశాను. వంతు వచ్చిన తరగతివాళ్ళు ప్రార్థనకు ముందే 30 బకెట్ల నీళ్ళు మోసి గడ్డికి పోయాలి. లెక్క తగ్గితే నేను ఊరుకొనేవాణ్ణి కాను. శ్రమదానం ఎంత గొప్పదో ప్రార్థనలో ఉపన్యాసం కూడా ఇచ్చేవాణ్ణి. పిల్లలు ఏమీ అనలేదు. హెడ్మాస్టరుతో ఏమంటారు?

2003 మార్చి వచ్చింది. ఒంటిపూట బడి మొదలయింది. బోరింగు పదిసార్లు కొడితే గాని చెంబెడు నీళ్ళు రావడం లేదు. ఒక రోజు పదకొండు గంటల వేళ ఆరో తరగతి పిల్ల ఒకతె కళ్ళు తిరిగి వరండాలో కూలబడింది. నేను పరుగెత్తుకొని వెళ్ళి, "నీళ్ళు తెండి!" అని కేకపెట్టాను. ఒక కుర్రవాడు గ్లాసు తీసుకొని కుండ దగ్గరికి వెళ్ళాడు. మూత తీసి లోపలికి చూసి, అక్కడే నిలబడిపోయాడు. కుండలో చుక్క నీరు లేదు.

"పొద్దున కుండ నింపలేదా?" అని గద్దించాను.

ఆనాటి వంతు తొమ్మిదో తరగతివాళ్ళది. వాళ్ళలో ఒకడు తలవంచుకొని, "నింపాం సార్. కాని గడ్డికి ఒక బకెట్ తక్కువయింది. బోరింగులో నీళ్ళు రాలేదు. లెక్క తగ్గితే మీరు కోప్పడతారని, కుండలో నీళ్ళు గడ్డికి పోసేశాం" అన్నాడు.

ఎదురింటి ఇల్లాలు చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆ పిల్ల నీళ్ళు తాగి కాసేపటికి తేరుకున్నది. నేను మాత్రం తేరుకోలేకపోయాను. కుర్రవాణ్ణి ఏమీ అనలేదు. అనడానికి నాకేం హక్కున్నది? దాహానికి ఉంచిన నీళ్ళు గడ్డికి పోసేటంతగా వాళ్ళను భయపెట్టినది నేనే కదా!

మర్నాడు ప్రార్థనలో అందరి ముందూ, "తప్పు నాది. ఇక గడ్డికి ఎవరూ నీళ్ళు పోయనక్కరలేదు. ముందు కుండలు నింపండి" అని చెప్పాను. ఏప్రిల్ నెల గడవక ముందే నా పచ్చిక వరిగడ్డిలాగా ఎండిపోయింది.

వేసవి సెలవులు అయినాయి. తొలకరి జల్లులు పడ్డాయి. చచ్చిపోయిన గడ్డిని దంతెతో లాగించేద్దామని పదో తరగతి పిల్లలను పిలిచాను. వాళ్ళలో ఆ కుర్రవాడు కూడా ఉన్నాడు. వాడు కొంతసేపు దంతె లాగి ఆగిపోయాడు.

"సార్, ఇక్కడ పచ్చగా ఉన్నది. ఇది మనం నాటిన గడ్డి కాదు. దీనికి మనం నీళ్ళు పోయలేదు" అన్నాడు.

వంగి చూశాను. నిజమే. ఆ రోజు దంతెలు పక్కన పెట్టించి, పిల్లలందరినీ ఆవరణమంతా తిప్పాను. "ఎవరూ నీళ్ళు పోయకుండా, ఈ వేసవి దాటి బ్రతికిన మొక్కలు ఏవేవో వెదకండి" అన్నాను. గంటలోపల మూడు మొక్కలు దొరికాయి.

మొదటిది, మనం నడిచే బాట వెంబడి చిగురించిన గరిక. వినాయక చవితి పత్రిలో మీరు వాడేది ఇదే. పైన గడ్డి ఎండిపోయినా, మట్టి లోపల దాని కాడలు బ్రతికే ఉంటాయి. తడి తగలగానే ఆ కాడల కణుపుల నుంచి కొత్త చిగుళ్ళు వస్తాయి. ఎంత తొక్కినా గరిక చావదు. కాని దానికి ఎండ కావాలి. చెట్టు నీడన పలచబడిపోతుంది.

రెండవది, బోరింగు నీళ్ళు ఒలికే చోట పాకుతున్న బొక్కెనాకు. ఇది నేలను అంటిపెట్టుకొని పెరుగుతుంది. ప్రతి కణుపు దగ్గరా వేరు దించుతుంది. చిన్న చిన్న గుండీలలాంటి పూలు పూస్తుంది. ఆ పూల కోసం తేనెటీగలూ, చిన్న సీతాకోకచిలుకలూ వస్తాయి. చెరువు గట్ల మీదా, కాలువ ఒడ్లనా దీన్ని మీరు చూసే ఉంటారు. తడి అంటే దానికి ఇష్టం. అయినా ఒకసారి వేళ్ళు లోతుగా దిగితే, కొన్నాళ్ళు తడి లేకపోయినా ఓర్చుకుంటుంది.

మూడవది, జెండా దిమ్మ పక్కన గులకరాళ్ళలో మొలిచిన విష్ణుక్రాంతం. దీని పేరూ చవితి పత్రిలో ఉన్నది. సన్నని కాడలు, వాటికి నూగు, చిట్టి నీలిపూలు. పూలు పొద్దున విచ్చుకొని, మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. దీని వేరు గట్టిగా కర్రలాగా ఉంటుంది. పైన ఎండిపోయినా ఆ వేరు నుంచి మళ్ళీ చిగురిస్తుంది. అయితే తొక్కిడిని ఇది భరించలేదు.

ఇలా ఒకసారి నాటుకుంటే అనేక ఏళ్ళు బ్రతికే మొక్కలను బహువార్షికాలు అంటారు. వరి, జొన్నలాంటివి ఒక్క పంటకాలంలోనే విత్తనమిచ్చి చచ్చిపోతాయి. అవి ఏకవార్షికాలు. ఏడాది పొడవునా నేల కప్పి ఉండాలంటే మనకు బహువార్షికాలు కావాలి. అవి పొట్టిగా ఉండాలి, పక్కలకు పాకాలి.

మా నేలను మళ్ళీ పరీక్షగా చూశాం. అది ఒకే నేల అనుకున్నాను గాని, నిజానికి మూడు నేలలు. పైభాగాన గులకరాళ్ళు, నీరు నిలవదు. అక్కడ విష్ణుక్రాంతం నాటాం. మధ్యభాగాన పిల్లలు నడుస్తారు. అక్కడ గరిక. గేటు వైపు పల్లంలో వాన నీరు చేరి కొన్నాళ్ళు తడి ఉంటుంది. అక్కడ బొక్కెనాకు. వేళ్ళతో సహా తీసిన ముక్కలను జానెడు దూరంలో ఒకటిగా, కనీసం రెండు కణుపులు మట్టిలోకి పోయేటట్టు నాటాం. వాన లేని రోజుల్లో మాత్రం సాయంత్రం పూట కొద్దిగా నీళ్ళు చల్లాం. అదీ బోరింగు దగ్గర ఒలికి పోయే నీళ్ళే. మూడు వారాలకు మొక్కలు నిలదొక్కుకున్నాయి. ఆ తరువాత వాటికి పిల్లలు ఒక్క బకెట్ కూడా మోయలేదు.

రెండేళ్ళకు నేల దాదాపు అంతా కప్పుకున్నది. అది కడియం పచ్చికంత సొగసుగా లేదు. ఎండాకాలంలో అక్కడక్కడ ఎర్రబడేది కూడా. కాని వాన కురిసినప్పుడు గేటు దగ్గర నిలబడి చూస్తే, పారే నీళ్ళు మునుపటిలా ఎర్రగా లేవు, తేటపడ్డాయి. వరండాలో దుమ్ము తగ్గింది. మెట్ల కింది రాళ్ళు అంతకు మించి బయటపడలేదు.

దీనికి కారణం మీరే ప్రయోగం చేసి తెలుసుకోవచ్చు. రెండు పాత పళ్ళాలు తీసుకోండి. ఒకదానిలో వట్టి మట్టి నింపండి. రెండవదానిలో వేళ్ళతో సహా తవ్విన గరిక పెళ్ళ పెట్టండి. రెండింటినీ ఒకవైపు కొంచెం ఎత్తి ఉంచండి. చిల్లుల డబ్బాతో రెండింటి మీదా సమానంగా నీళ్ళు చల్లి, కిందికి జారిన నీళ్ళను వేరువేరు గ్లాసుల్లో పట్టండి. ఒకటి బురదగానూ, ఒకటి తేటగానూ ఉంటుంది. వానచినుకు వట్టి నేలను కొట్టి మట్టిరేణువులను ఎగరగొడుతుంది. ఆకులుంటే ఆ దెబ్బ ఆకులు తింటాయి. వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి.

మీ ఇంటి ముందో, బడి ముందో ఇలాంటి ఎండనేల ఉంటే, మొక్కలు కొనబోయే ముందు నాలుగు సంగతులు చూడండి. ఒకటి: ఉదయం 8 గంటలకూ, 12 గంటలకూ, సాయంత్రం 4 గంటలకూ నీడ ఎక్కడ పడుతున్నదో సున్నంతో గుర్తు పెట్టండి. మూడు వేళలా ఎండ ఉన్నదే అసలైన ఎండనేల. రెండు: అక్కడ నడుస్తారా, లేదా? మూడు: వాన వెలిశాక నీరు ఎంతసేపు నిలుస్తుంది? నాలుగు: వేసవిలో ఆ మొక్కకు పోయడానికి, తాగే నీళ్ళు పోను ఇంకా నీళ్ళు మిగులుతాయా?

రంగు రంగుల పూలు కావాలంటే, కొందరు నాచుగులాబి అనీ, కొందరు టేబుల్ రోజా అనీ పిలిచే మొక్క ఉన్నది. దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. దాని మందమైన ఆకులు నీటిని దాచుకుంటాయి. పూలు ఎండలోనే విచ్చుకుంటాయి. కాని అది ఎక్కువ కాలం బ్రతకదు గనుక, అప్పుడప్పుడు కొమ్మలు తుంచి మళ్ళీ నాటుకుంటూ ఉండాలి.

త్వరగా కప్పేస్తుంది గదా అని ఏ మొక్కనూ తొందరపడి తేకండి. పదవీ విరమణ చేశాక మా ఇంటి ప్రహరీ పక్కన పసుపుపచ్చని పూల వెడీలియా నాటాను. అది కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినదే. రెండేళ్ళలో అది ప్రహరీ దాటి, పక్కింటివారి కనకాంబరాల మడిని కప్పేసింది. ప్రపంచంలో అతిగా వ్యాపించి బెడదగా మారిన 100 జీవుల జాబితాలో దాని పేరు కూడా ఉన్నదని తరువాత తెలిసింది. పక్కింటివారికి క్షమాపణ చెప్పి, పారతో నేనే తవ్వి తీశాను. చూశారా, పాఠం ఒకసారి నేర్చుకున్నా మళ్ళీ మరిచిపోతాం!

ఈనాటికీ ఎవరైనా నన్ను తమ బడికి పిలిచి, "మా తోట చూడండి, మేష్టారూ" అంటే సంతోషంగా వెళతాను. అయితే తోటలోకి పోయే ముందు వరండాలోకి వెళ్ళి, మంచినీళ్ళ కుండ మూత తీసి చూస్తాను.