ముప్పై ఆరో అక్షరం

తెలుగు ఫాంట్లకు తలకట్లు, వట్రుసుడులు దిద్దుకుంటూ బతుకుతున్నవాణ్ణి. ఒకసారి ఒక బహుభాషా ఫాంటులో ఆర్మేనియన్ కూడా నా నెత్తిన పడింది. భాష ఒక్క ముక్క రాదు. చిన్న అక్షరాల్లో కొన్ని ఇంగ్లిష్ ఎన్, యు, హెచ్‌లకు కవలల్లా కనిపించాయి. ఇంకేం, వాటికే తోకలు తగిలించి పంపేశాను. సరిచూసిన ఆర్మేనియన్ ఆవిడ ‘ఇవి ఇంగ్లిష్ అక్షరాలే, వేషం మాత్రం మాది’ అని రాసింది. కొన్ని తెలుగు ఫాంట్లను చూసి నేను విసుక్కునే మాటే అది.

సిగ్గేసి చరిత్ర తిరగేశాను. ఆర్మేనియా రాజు క్రైస్తవం పుచ్చుకున్నది 301లో అని అక్కడి సంప్రదాయం. వందేళ్లయినా చర్చిలో చదివేది గ్రీకు, సిరియాక్. జనానికి నోటితో అర్థం చెప్పాల్సిందే. ఊళ్లు తిరిగి బోధించే సన్యాసి మెస్రోప్ మష్తోత్స్‌కు ఈ ఇబ్బంది బాగా తెలుసు. ప్రధాన మతగురువు సాహక్, రాజు వ్రమ్‌షాపుహ్ అండగా నిలిచారు. దానియేలు అనే సిరియన్ బిషప్పు దగ్గరున్న లిపిని తెప్పించి పిల్లలకు నేర్పిచూస్తే, ఆర్మేనియన్ ధ్వనులకు అది చాల్లేదు. చివరికి 405 ప్రాంతంలో మష్తోత్స్ 36 అక్షరాలు కూర్చాడు. ఆ లిపిలోకి మొదట దిగింది బైబిల్లోని సామెతల గ్రంథం.

శిష్యుడు కొర్యున్ రాసిన జీవితచరిత్రలో ఒక వివరం దగ్గర ఆగిపోయాను. ఆ అక్షరాల సన్నం, లావు, పొట్టి, పొడుగు తేల్చి తుదిరూపం దిద్దడానికి సాయపడింది సమోసాటాలోని రూఫినస్ అనే గ్రీకు లేఖకుడట. నాలాగే, పరాయి భాష పని ఒప్పుకున్నవాడు! నాకన్నా శ్రద్ధగా చేశాడు, అంతే తేడా.

మొదటి అక్షరం ‘అయ్బ్’, దేవుడనే మాట ‘అస్త్వాత్స్’కు మొదలు. ముప్పై ఆరోది ‘ఖే’, క్రీస్తు పేరుకు మొదలు. అక్షరాల వరుస చాలావరకు గ్రీకు బాటలోదే, అయినా భక్తుల లెక్క భక్తులది. మన ఓనమాలు మాత్రం? శివుడి పేరు పలికించాకే కదా మనకు ‘అ’ దిద్దబెట్టింది. మధ్యయుగంలో ఆర్మేనియన్‌కు ఇంకో రెండు అక్షరాలు చేరినా, క్రీస్తు అక్షరం పలుకుబడి తగ్గలేదు.

ఆ ‘ఖే’ కాలికి అడ్డంగా ఒక గీత ఉంటుంది. పక్క అక్షరం తోకకు తగులుతోందని నేను కత్తిరించింది సరిగ్గా దాన్నే. మళ్లీ పొడిగించి, ఒక్కో జతకూ కెర్నింగ్, అంటే అక్షరాల మధ్య ఎడం, విడిగా సరిచేశాను. వారం పట్టింది.

తర్వాత మద్రాసు వెళ్లినప్పుడు అర్మేనియన్ వీధి చర్చిలో అడుగుపెట్టాను. ప్రపంచంలోనే మొదటి ఆర్మేనియన్ పత్రిక ‘అజ్దరార్’ను 1794లో ఆ ఊళ్లోనే అచ్చువేసిన ఫాదర్ హరుత్యున్ ష్మవోన్యన్ సమాధి అక్కడే ఉంది. రాళ్ల మీద ‘ఖే’ కోసం వెతికాను. ఒకచోట అడ్డగీత పక్క అక్షరాన్ని తాకేసింది. చెక్కినవాడు పట్టించుకున్నట్టు లేదు.