నాయనమ్మ అడిగిన ‘ఏరు’



మా అమ్మాయి హైదరాబాదులో ఏమి చదువుతున్నదని ఆదివారము ఆరాధన అయ్యాక అడగనివారు లేరు. సైకాలజీ అంటే పిచ్చివాళ్ళ డాక్టరా అంటారు. మెదడు మీద పరిశోధన అంటే తల కోసి చూస్తారా అంటారు. ఒక పెద్దమ్మగారు చెయ్యి పట్టుకుని, "ఎదుటివాళ్ళ మనసులో మాట చెప్పేస్తారట గదా, ఈసారి పిల్ల వచ్చినప్పుడు మా అల్లుణ్ణి ఒకసారి చూడమనండి" అని బతిమాలింది. మేమిద్దరమూ ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరైన వాళ్ళమే. అయినా మొదట్లో ఎవరికీ సరైన జవాబు చెప్పలేకపోయాము. మాకే తెలియదు గనుక.

తరువాత తెలిసినది ఇది. మందులు రాసే మానసిక వైద్యుడు ముందు ఎం.బి.బి.ఎస్. చదవాలి. సైకాలజీ అలా కాదు, బి.ఏ. చదివినవారు కూడా ఎం.ఏ.లో చేరవచ్చును. అయితే మామూలు సైకాలజీ ఎం.ఏ. పట్టాతోనే రోగులను చూడడానికి వీలులేదు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఆసుపత్రిలో వేరుగా శిక్షణ పొంది, భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. బెంగళూరులోని నిమ్హాన్స్ అందుకు పేరున్న చోటు. ఇక మూడవ దారి పరిశోధన. మా అమ్మాయి భద్రాచలములో డిగ్రీ, హైదరాబాదులో ఎం.ఏ. ముగించి, 2019లో పిహెచ్.డి.లో చేరింది. మాటలను మెదడు ఎట్లా దాచుకుంటుంది, ఎట్లా వెదికి తీస్తుంది అన్నది ఆమె విషయము.

ఆ చదువు ఎట్లా ఉంటుందో చూడాలని ఒకసారి వెళ్ళాము. పెద్ద యంత్రాలు ఉంటాయనుకున్నాము. చిన్న గది, ఒక కంప్యూటరు, ఈతగాళ్ళు పెట్టుకునేటటువంటి టోపీ. టోపీ నిండా చిన్న చిన్న బిళ్ళలు, వాటికి తీగలు. మెదడులో పుట్టే సన్నని విద్యుత్తును తల పైనుండే ఆ బిళ్ళలు పట్టుకుంటాయట. కోత లేదు, నొప్పి లేదు. తెరమీద కుక్క బొమ్మ వస్తుంది, కూర్చున్నవాళ్ళు ‘కుక్క’ అనాలి. ఎంత సేపటికి అన్నారన్నది సెకనులో వెయ్యవ వంతు లెక్కన రాసుకుంటారు. అందులో ఆమెకు వచ్చిన కష్టమల్లా కొబ్బరినూనె! తలకు నూనె ఉంటే బిళ్ళలు సరిగా పనిచేయవు. రేపు తలంటుకుని రండమ్మా, నూనె రాసుకోకండి అని హాస్టలు పిల్లలను బతిమాలుకోవడములోనే సగము రోజులు పోయేవట. ఇందుకా నువ్వు ఇన్నేళ్ళు చదివింది అని నవ్వుకున్నాము.

మా సంఘ పెద్ద ఒకాయన మాత్రము నవ్వలేదు. "అంతా మెదడే అయితే ఆత్మ ఎక్కడ ఉన్నట్టు?" అని పిల్లను సూటిగా అడిగాడు. "కొలవగలిగిందాన్నే మేము కొలుస్తాము, పెదనాన్నా. ఆత్మను కొలిచే టోపీ మా దగ్గర లేదు" అన్నది. ఆయన కొంతసేపు ఆలోచించి, కాఫీ తాగి వెళ్ళాడు.

ఇక మా యింటి సంగతి చెప్పాలి. ఇది చెప్పడానికే రాస్తున్నాము.

మా ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేది. మాలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తగారు. కోయ ఇంటి ఆడబిడ్డ. అక్షరము రాదు. కోయలో పుట్టి పెరిగి, సంతలోనూ గుడిలోనూ తెలుగు నేర్చుకున్నది. అమ్మాయి పుట్టినప్పుడు మేమిద్దరమూ కూర్చుని ఒక నిర్ణయము చేశాము. ఇంట్లో తెలుగే మాట్లాడాలి, బడిలో ఇంగ్లీషు, కోయ వద్దు. హాస్టలులో కోయ మాట్లాడినందుకు దెబ్బలు తిన్నవారు మాలో ఒకరున్నారు. ఆ అవమానము మా పిల్లకు రాకూడదనుకున్నాము. రెండు మూడు భాషలు ఒకేసారి వింటే పసిమెదడు తికమకపడుతుందని ఎవరో చెప్తే నమ్మాము కూడా. "అమ్మా, పిల్లతో కోయ మాట్లాడవద్దు" అని చెప్పాము. ఆమె ఎందుకని అడగలేదు. ఊళ్ళ నుండి చుట్టాలు వచ్చినప్పుడు పెరట్లో కూర్చుని కోయ మాట్లాడుకునేది, పిల్ల వస్తే తెలుగులోకి మారేది.

1870 దశకములో మా దుమ్ముగూడెమునకు వచ్చిన మిషనరీ జాన్ కెయిన్ దొరగారు ఏండ్ల తరబడి కూర్చుని కోయ నేర్చుకున్నారు, ఆ భాషను గురించి రాశారు. సముద్రాలు దాటి వచ్చినాయన నేర్చుకున్న భాషను ఆ యింటి బిడ్డలమే గడప దాటనివ్వలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే అమ్మాయి ఇంటికి వచ్చింది. నాయనమ్మకు అప్పటికి డెబ్బై ఎనిమిదేళ్ళుంటాయి. పొయ్యి మీద పాలు మరచిపోవడము, తిన్న అన్నము తినలేదనడము మేమూ చూస్తున్నాము. ముసలితనము అనుకున్నాము. కొద్దిరోజులు గమనించి అమ్మాయి, "ఇది ముసలితనము ఒక్కటే కాదు నాన్నా, జబ్బు" అన్నది.

వేసవిలో ఒక మధ్యాహ్నము నాయనమ్మ మంచము మీద లేచి కూర్చుని "ఏరు, ఏరు" అన్నది. గోదావరి చూడాలనుకుంటున్నదని అమ్మాయి అనుకున్నది. ఎండ తగ్గాక తీసుకువెళ్తాను నాయనమ్మా అన్నది. ముసలామె ఇంకా గట్టిగా అడిగింది. చివరికి కోపము వచ్చి చేతిలోని గ్లాసు విసిరింది. పక్కింటి కోయ ఆడమనిషి ఆ చప్పుడు విని వచ్చి, ఒక్క ముక్కలో తేల్చింది: "నీళ్ళు అడుగుతోంది." కోయలో ఏరు అంటే నీళ్ళే. తెలుగు, కోయ ఒకే కుటుంబపు భాషలు గదా, మాట ఒకటే, అర్థము కొంచెము పక్కకు జరిగింది. మెదడులో మాటలు ఎక్కడుంటాయో చదివే పిల్లకు, ఇంట్లో ముసలామె నీళ్ళు అడిగితే తెలియలేదు. ఆ రాత్రి ఆమె అన్నము తినలేదు. మేమూ తినలేదు.

ఎందుకిట్లా జరుగుతుందో తరువాత ఆమే చెప్పింది. మతిమరుపు జబ్బులో కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి ఆలస్యముగా పోతాయి. ఫ్రాన్సు దేశపు రిబో అనే పండితుడు ఈ సంగతి 1881లోనే రాశాడట. అందుకే కొందరు పెద్దవాళ్ళు తరువాత నేర్చిన భాషను వదిలి, తల్లిభాషకు తిరిగిపోతారు. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు నాయనమ్మ దాన్ని 1986 వరద అనుకున్నది. ఎప్పుడో అమ్మేసిన మేకలను గట్టుకు తోలమని కోయలో కేకలు వేసింది.

హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. పరీక్షలో ఈ రోజు తేదీ ఏమిటి, ఈ వాక్యము చదవండి, గడియారము బొమ్మ గీయండి అని తెలుగులో అడిగారు. ఆమె జీవితములో పెన్ను పట్టలేదు. మార్కులు చాలా తక్కువ వచ్చాయి. అమ్మాయి ఆ కాగితాన్ని చూసి, "ఇందులో జబ్బు ఎంత, బడికి పోకపోవడము ఎంత, తెలుగు ఎంత, ఎట్లా విడదీస్తారు?" అని అడిగింది. అడిగింది మమ్మల్నే. మేమేమి చెప్పగలము? చదువురాని వారి కోసము వేరుగా చేసిన పరీక్షలు హిందీలో ఉన్నాయని, తెలుగులోనూ కొన్ని తయారయ్యాయని తరువాత తెలిసింది. కోయలో మాత్రము ఆమె వెదికినా దొరకలేదు.

ఆ రోజుల్లోనే ఆమె మాకు ఒక పరిశోధనను గురించి చెప్పింది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరు సువర్ణ అల్లాడిగారు, ఆమె తోటివారు 648 మంది మతిమరుపు రోగులను చూసి 2013లో ప్రకటించారు. ఒకే భాష వచ్చినవారికంటే రెండు భాషలు వచ్చినవారికి జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యముగా మొదలైందట. అక్షరము రానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. మూడో భాష, నాలుగో భాష వచ్చినందువల్ల అదనపు లాభము మాత్రము కనిపించలేదు. కారణము ఇది కావచ్చునంటారు: రెండు భాషలు తెలిసిన మనిషిలో రెండూ ఎప్పుడూ మెలకువగానే ఉంటాయి, ఒకటి మాట్లాడేటప్పుడు రెండోదాన్ని మెదడు ఆపి ఉంచాలి. జీవితమంతా చేసే ఆ కసరత్తు మెదడుకు బలము. కెనడా దేశములో ఇటువంటి ఫలితమే అంతకుముందు వచ్చినప్పుడు, వాళ్ళు వలస వచ్చినవారు గనుక తేడా దానివల్లనేమో అని అనుమానించారు. హైదరాబాదులో రెండు భాషలు వీధి వీధికీ మామూలే గనుక ఆ అనుమానము ఇక్కడ నిలవదు. అన్ని దేశాల్లోనూ ఒకే ఫలితము రాలేదని, పండితుల్లో వాదము ఇంకా ఉన్నదని కూడా మా పిల్ల చెప్పింది.

"అయితే నాయనమ్మకు డెబ్బై ఎనిమిది దాకా రాకపోవడము కోయ వల్లనేనా?" అని ఆశగా అడిగాము. "ఒక్క మనిషిని చూసి చెప్పలేము అమ్మా" అన్నది. ఆ మాట మాకు రుచించలేదు. అవునంటే బాగుండుననిపించింది. కాని అట్లా అననివ్వకపోవడమే ఆ చదువేమో.

నాయనమ్మను పోగొట్టుకుని రెండేళ్ళు దాటింది. చివరి నెలల్లో ఆమెకు తెలుగు పూర్తిగా పోయింది. మాలో ఒకరు ముప్పై ఏళ్ళుగా మూసిపెట్టిన కోయను తడుముకుంటూ మాట్లాడితే, "నీకు సరిగా రాదు" అని కోయలోనే నవ్వేది. రెండోవారు పక్కన కూర్చుని అన్నము కలిపి పెట్టేవారు. అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడల్లా పక్కింటి ఆవిడ దగ్గర బొమ్మలు పెట్టి పేర్లు అడిగి నోటుబుక్కులో రాసుకునేది. కుక్క, పొయ్యి, మేక, చేట, నీళ్ళు. పిహెచ్.డి. పని ముగింపుకు వచ్చింది గాని ఆ నోటుబుక్కు పని ముగియలేదు. పోయిన క్రిస్మసుకు వచ్చినప్పుడు పరీక్షకు పనికివచ్చే బొమ్మలు అరవై అయ్యాయని చెప్పింది. గడియారము బొమ్మ తీసేసిందట. దాని బదులు ఏమి పెట్టాలో తెలియక మమ్మల్ని అడిగింది. ఒకరము కోడిపుంజు అన్నాము, ఒకరము పొద్దు అన్నాము.