గుండమ్మదేనా పెత్తనం?

పెళ్లిపందిట్లో ఓ పెద్దావిడ వంటవాళ్లకు నాలుగు మాటలు చెబితే చాలు, ‘ఈవిడ పెత్తనం ఏమిటి?’ అని వెనక గొణుగుడు మొదలవుతుంది. అవే మాటలు ఆవిడ భర్త చెబితే ‘పాపం, దగ్గరుండి అన్నీ చూసుకుంటున్నాడు’ అంటారు. తెలుగులో ఇంత పక్షపాతంగా వాడే మాట మరొకటి కనబడదు.

పుట్టుకతో అది చెడ్డ మాట కాదు. పెద్దతనమే నాలుకల మీద నలిగి పెత్తనమైంది. ఉమ్మడి కుటుంబంలో ఇంటి పెత్తనమంటే గాదెలో ధాన్యం లెక్క, పాలేళ్ల జీతాలు, పండక్కి ఎవరికి ఏ బట్టలు పెట్టాలన్న తలనొప్పి. పెద్దకోడలికి పెత్తనం అప్పజెప్పారంటే అది నమ్మకం. ‘చెలాయించడం’ పక్కన చేరాకే దానికి చెడ్డపేరు వచ్చింది. ముందు కర్ర కూడా చేరితే కర్రపెత్తనం! పెత్తందారు అనగానే ఊరి పొలాలనూ తగవులనూ గుప్పిట్లో పెట్టుకున్న మగవాడే కళ్లముందుకొస్తాడు. తిట్టు మాత్రం ఆడవాళ్లకు.

అసలు ఆ మాట ఎక్కడ వాడాలో పంచాయతీ ఆఫీసుకు వెళితే తెలుస్తుంది. 1993లో అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ స్త్రీలకు మూడోవంతు స్థానాలిచ్చింది. తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ చట్టాలు దాన్ని సగం చేశాయి. అయినా చాలా ఊళ్లలో సంతకం ఆమెది, కుర్చీ భర్తది. అదీ పెత్తనమంటే.

ఈ తిట్టుకు మన సినిమా నటి సూర్యకాంతం ముఖం అతికించింది. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’లో ఆమె వేసిన గుండమ్మ సవతి కూతురి చేత చాకిరీ చేయిస్తుంది, నోరు పారేసుకుంటుంది. నిజమే. కానీ ఆ కథలో అందరినీ ఆడించేది ఎవరు? ఏ కొడుకు ఎవరిని పెళ్లాడాలి, ఏ వేషంలో గుండమ్మ గడప తొక్కాలి, పొగరుబోతు కోడలికి ఎలా బుద్ధి చెప్పాలి... ఇదంతా ఆ కొడుకుల తండ్రి, ఎస్వీ రంగారావు పాత్ర నడిపిన మంత్రాంగం. రెండిళ్ల బతుకులను ఒంటిచేత్తో నడిపినా ప్రేక్షకులకు ఆయన పెద్దమనిషే. పెత్తనమన్న మచ్చ గుండమ్మకే మిగిలింది.

ఆ మచ్చ పాత్రతో ఆగలేదు. సూర్యకాంతాన్ని చూసి తెలుగువాళ్లు ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడమే మానేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎంత అన్యాయం! షూటింగుకు ఇంటినుంచి వంటకాలు తెచ్చి, తోటి నటులకు కొసరి కొసరి వడ్డించిన మనిషిగా ఆమెను సినిమావాళ్లు తలచుకుంటారు. ‘గుండమ్మ కథ’కు ఐదేళ్ల ముందు, 1957లో, ‘మాయాబజార్’లో అదే రంగారావు ఘటోత్కచుడైతే, తల్లి హిడింబి సూర్యకాంతమే. అడవి దారిన వచ్చిన సుభద్రనూ అభిమన్యుణ్నీ కడుపులో పెట్టుకున్న తల్లి. అంతటి రాక్షస వీరుడూ ఆమె ముందు చిన్నపిల్లాడే. ఆ హిడింబిని తలచుకుని ఒక్క పిల్లకైనా సూర్యకాంతం అని పేరు పెట్టి ఉండాల్సింది.