ఏ సర్టిఫికెట్ తీసుకోవాలి?

తండాలు విడిచి జీడిమెట్ల ఫ్యాక్టరీలకు వచ్చినవాళ్లం మేము. వ్యాయామ శిక్షకులం అవుతామంటున్న మా పిల్లలకు మేం చెప్పేదొక్కటే: కండరాల పేర్లు నేర్పే సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరికి మెడ కీలు వదులుగా ఉంటుంది. డాక్టరును అడగకుండా పిల్లిమొగ్గలు వేయించకూడదు. అలాంటివి నేర్పే కోర్సే వెతుక్కోండి.

మేధో వైకల్యం ఉన్న కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. నేర్పేవాళ్లు దొరికితే పిల్లలు నేర్చుకుంటారు.

ఇంకోమాట. గోర్‌బోలీ తప్ప రాని మన పిల్లకు ‘లెఫ్ట్, రైట్’ తెలియకపోతే మందబుద్ధి అనేస్తారు. భాష రాకపోవడం వేరు, వైకల్యం వేరు. అయితే ఇద్దరికీ నేర్పే పద్ధతి ఒకటే: చేసి చూపించాలి, ఒక్కొక్కటిగా చెప్పాలి, వచ్చేదాకా ఆగాలి.