నయాపూల్ దగ్గర ఆగిన బండి

'పెట్రోల్ ఖతమ్ హోగయా క్యా, భాయ్?'

చాయ్ గ్లాసు చేత్తో పట్టుకుని పలకరించాడో పెద్దాయన. కాదు, ఇది కరెంటు బండి అన్నాడు మా తమ్ముడు. అయితే చార్జింగ్ అయిపోయి ఉంటుంది అన్నాడాయన. అదీ కాదు. గంటన్నర కిందట బండి ఆపినప్పుడు చార్జింగ్ 80 శాతం పైనే ఉంది. మరేమైనట్టు? తమ్ముడు కాస్త సిగ్గుపడుతూనే చెప్పాడు... సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పెట్టాననీ, అప్పట్నుంచీ స్టార్ట్ కావడం లేదనీ.

పెద్దాయన తల పంకించి, 'నయీ హై నా... ఇస్లియే' అన్నాడు. కొత్తది కదా, అందుకే!

ఆ మాటకి చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మాకు మాత్రం నవ్వొచ్చే పరిస్థితి లేదు. ఎందుకంటే పక్కనే రాతి అరుగు మీద మా పెద్దమ్మ కూర్చుని ఉంది. సాయంత్రం కాచిగూడలో మహబూబ్‌నగర్ రైలెక్కాలి. తెల్లవారితే ఆమె మనవరాలి నిశ్చితార్థం. పెళ్లికూతురికి పెట్టాల్సిన చీర, ముత్యాల గొలుసు ఆ బండి డిక్కీలో ఉన్నాయి. డిక్కీ తెరుచుకోదు. దాన్ని తెరిచే మీట కూడా కరెంటుదే మరి!

పొద్దంతా బాగానే తిరిగింది

నిజానికి ఆ ఆదివారం చాలా హుషారుగా మొదలైంది. పాతబస్తీ చూసి ఎన్నేళ్లయిందో అని పెద్దమ్మ అంటే, ముందుగా చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లాం. అక్కడ పసుపురంగు రోల్స్‌రాయిస్ కారు ఉంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం చేయించినది. బండి చేతికి వచ్చేసరికి ఆయన లేరు. 'ఇప్పుడు గూడ నడుస్తదా బిడ్డా?' అని అడిగింది పెద్దమ్మ. తమ్ముడు నవ్వి, ఆ రోజుల్లో కారు కదలాలంటే ముందువైపు హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాలని చెప్పాడు. 'మన బండికి ఆ బాధ లేదు, బటన్ నొక్కితే చాలు' అని కూడా అన్నాడు. ఆ మాట ఏ తథాస్తు దేవతలు విన్నారో!

తర్వాత పత్తర్‌గట్టిలో ముత్యాలు, చీర కొనడం అయింది. సామాను డిక్కీలో పెట్టి, హైకోర్టు పక్క సందులో నీడ చూసి బండి ఆపాం. ఆదివారం కోర్టు ఉండదు కాబట్టి ఆ వైపు రద్దీ తక్కువ. అప్పుడే స్క్రీన్ మీద కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉందన్న కబురు వచ్చింది. ముప్పావుగంట పడుతుందట. ఎలాగూ సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం చూడ్డానికి వెళ్తున్నాం కదా అని తమ్ముడు 'ఇప్పుడే' అన్న చోట వేలు పెట్టాడు.

మ్యూజియంలో జనం మధ్య నిలబడి మూడు గంటలు కొట్టేదాకా చూశాం. చిన్న తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ బయటికి రావడం, గంట కొట్టి లోపలికి వెళ్లిపోవడం... పిల్లలకంటే పెద్దమ్మే ఎక్కువ సంబరపడింది. తిరిగొచ్చేసరికి బండి కట్టెలా ఉంది. స్క్రీన్ నల్లగా ఉంది. తాళం నొక్కితే పలకదు.

పాతబస్తీలో ఒక మర్యాద ఉంది. బండి ఆగిందంటే ఎవరూ పిలవకుండానే నలుగురు కుర్రాళ్లు వచ్చి వెనక చేతులు ఆనిస్తారు. మాకూ వచ్చారు. 'ధక్కా మారో' అన్నారు. తోశారు. అంగుళం కదల్లేదు. ఇలాంటి బండ్లలో ఆపగానే చక్రాలకు తాళం పడుతుంది. ఆ తాళం వదలాలన్నా కరెంటు కావాలి. కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, బండిని మోసుకెళ్లే ట్రక్కు పంపిస్తామన్నారు. నాలుగు గంటలు పడుతుందట!

గాదె నిండా ధాన్యమే, కానీ...

చార్జింగ్ 80 శాతం ఉండి బండి కదలకపోవడమేమిటి? తెలియని వాళ్లకి ఇది వింతగానే ఉంటుంది. సంగతేమిటంటే, కరెంటు కారులో బ్యాటరీలు రెండు. సీట్ల కింద పరుచుకుని ఉండే పెద్దది చక్రాలను తిప్పుతుంది. సాధారణంగా మూడు, నాలుగు వందల వోల్టుల శక్తి దానిది. ఇది కాక మామూలు కార్లలో ఉండేలాంటి 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. దీపాలు, తలుపు తాళాలు, స్క్రీను, లోపలి కంప్యూటర్లు దీనిమీదే పనిచేస్తాయి.

బండి ఆపినప్పుడు భద్రత కోసం పెద్ద బ్యాటరీని మిగతా బండి నుంచి విడదీసి ఉంచుతారు. మళ్లీ కలపాలంటే లోపలున్న పెద్ద స్విచ్చులు మూసుకోవాలి. వాటిని మూయించేది చిన్న బ్యాటరీయే! అది నీరసించిందా... గాదె నిండా ధాన్యం ఉండి తాళంచెవి బావిలో పడ్డట్టే.

అప్‌డేట్ జరిగేటప్పుడు లోపలి కంప్యూటర్లన్నీ మేలుకుని ఉంటాయి. ఆ సమయంలో పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదానికి చార్జింగ్ సరిగ్గా అందకపోతే అది అడుగంటుతుంది. దాంతో అప్‌డేట్ సగంలో ఆగుతుంది. ఒక కంప్యూటర్‌లో కొత్త ప్రోగ్రాం, ఇంకో దాంట్లో పాతది ఉండిపోతే వాటికి ఒకదాని మాట ఒకదానికి అర్థం కాదు. అప్పుడిక బండి బయల్దేరడానికి ఒప్పుకోదు.

ఇందులో ఓ చిత్రం ఉంది. 1900 ప్రాంతంలో అమెరికాలో కరెంటు కార్లకు మంచి గిరాకీ ఉండేది. హ్యాండిల్ తిప్పే బాధ లేదన్నది అందుకు ఓ కారణం. 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్‌స్టార్టర్ కాడిలాక్ కార్లలోకి వచ్చింది. చిన్న బ్యాటరీ, చిన్న మోటారు చాలు, పెట్రోలు ఇంజన్ దానంతటదే మొదలవుతుంది. దాంతో కరెంటు కారు వెనకబడిపోయింది. అప్పట్లో కరెంటు కారుని దెబ్బతీసిన వాటిలో ఈ చిన్న బ్యాటరీ ఒకటి. ఇప్పుడు అదే దాని కడుపులో కూర్చుని పేచీ పెడుతోంది!

చేత్తో లాగిన లివర్

ఈ సంగతులన్నీ తర్వాత తెలుసుకున్నవి. అప్పటికి మా ఆలోచనంతా డిక్కీ గురించే. చాయ్ పెద్దాయనే అడిగాడు... 'చాబీ నహీ హై క్యా?' అని. అప్పుడు గుర్తొచ్చింది తమ్ముడికి. రిమోట్ లోపల చిన్న ఇనుప తాళంచెవి దాగి ఉంటుంది. దాంతో డ్రైవరు పక్క తలుపు తెరిచాం. వెనక సీటు వంచి, బక్కపల్చటి కుర్రాడొకడు డిక్కీలోకి పాములా జారి చీర సంచి, గొలుసు పెట్టె, పెద్దమ్మ బ్యాగు ఒక్కొక్కటీ అందించాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

పెద్దాయనకు తెలిసిన ఆటో వచ్చింది. పాతది. సీటు పక్కనున్న లివర్‌ని డ్రైవరు చేత్తో గట్టిగా పైకి లాగితే రెండోసారికి ఇంజన్ అందుకుంది. పెద్దమ్మ ఎక్కుతూ, 'ఇది నయం' అంది నావైపు చూసి. తమ్ముడు ఆమెతో పాటు కాచిగూడ వెళ్లాడు. బండికి కాపలాగా నేను మిగిలాను.

రెండు వంతెనలు

ట్రక్కు రావడానికి ఇంకా చాలా టైముంది. సందు మొగదలకి వచ్చి నయాపూల్ మీద నిలబడ్డాను. ఇటు హైకోర్టు గుమ్మటాలు, అటు ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు, మధ్యలో మూసీ. ఈ వంతెన మీద రోజూ పోయేవాళ్లలో దీన్ని 'కొత్త' వంతెన అని ఎందుకంటారో ఆలోచించేవాళ్లు ఎందరుంటారు? 1857 నుంచి 1869 దాకా పాలించిన ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో కట్టింది ఇది. అప్పటికే 1578 నాటి పురానాపూల్ ఉంది కాబట్టి ఇది నయాపూల్ అయింది. ఆ పేరు అలాగే నిలిచిపోయింది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. 15 వేల మంది దాకా చనిపోయారని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరదకి అఫ్జల్ వంతెన, అంటే ఈ నయాపూల్ తెగింది. ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కూడా తెగాయి. అన్నిటికంటే పాతదైన పురానాపూల్ ఒక్కటే రెండు ఒడ్లనూ కలిపి ఉంచింది. కొత్తవి వచ్చాయి కదా అని ఆనాటి వాళ్లు పాతదాన్ని కూల్చి ఉంటే ఊరు రెండు ముక్కలయ్యేది.

అలాగని కొత్తది వద్దని ఎవరూ అనలేదు. తెగిన వంతెనలు మళ్లీ లేచాయి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య వచ్చి వరద అదుపుకి దారి చెప్పారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా 2025 సెప్టెంబరు చివర్లో మూసీ నీళ్లు ఇక్కడికి దగ్గర్లోని ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చాయి. ఎంత గట్టిదైనా ఏదో ఒకరోజు మొరాయిస్తుంది. ఆ రోజుకి ఇంకో దారి ఉందా అన్నదే ప్రశ్న.

మనమొక్కళ్లమే కాదు

ఇలా ఇరుక్కున్నది మేమొక్కళ్లమే కాదు. 2019 జనవరిలో బీజింగ్‌లో ఇంతకంటే పెద్ద తమాషా జరిగింది. చాంగాన్ అవెన్యూ అంటే అక్కడ అతి ముఖ్యమైన వీధి. ట్రాఫిక్‌లో ఉండగా నియో కంపెనీ కారులో అప్‌డేట్ మొదలుపెట్టారు. బండి నడిరోడ్డు మీదే ఆగిపోయింది. అద్దాలు కూడా దిగలేదు. గంటకు పైగా లోపలే కూర్చోవాల్సి వచ్చింది. 2023 నవంబరులో అమెరికాలో రివియన్ కంపెనీ పొరపాటున తప్పు అప్‌డేట్ పంపితే కొన్ని బండ్ల స్క్రీన్లు నల్లబడ్డాయి.

కార్ల సంగతి అలా ఉంచండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక్క అప్‌డేట్ ప్రపంచమంతా 85 లక్షల కంప్యూటర్లను పడగొట్టింది. ఆ రోజు మన శంషాబాద్‌లో ప్రయాణికులకి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు గుర్తుందా? అక్కడా చివరికి ఆదుకున్నవి కలమూ కాగితమే.

ఈ ఇబ్బందిని గుర్తించే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 156వ నంబరుతో ఒకటి తెచ్చారు. 2021 జనవరిలో అమల్లోకి వచ్చింది. అప్‌డేట్ పూర్తి కావడానికి సరిపడా శక్తి ఉందో లేదో ముందే చూసుకోవాలి, మధ్యలో ఆగితే బండి పాత ప్రోగ్రాంకి తిరిగి రాగలగాలి లేదా సురక్షిత స్థితిలో నిలవాలి అంటుందది. ఒక్క మాటలో చెప్పాలంటే, కొత్త వంతెన కట్టేటప్పుడు పాతది కూల్చొద్దని!

దీపాలు వెలిగాయి

చీకటి పడుతుండగా తమ్ముడు తిరిగొచ్చాడు. వెంట అఫ్జల్‌గంజ్ వైపు నుంచి బ్యాటరీలు బాగుచేసే మేస్త్రీని తీసుకొచ్చాడు. సహాయ కేంద్రం వాళ్లని ఫోన్‌లోనే అడిగి, సరేనన్నాకే అతను బానెట్ ఎత్తాడు. 'నారింజరంగు తీగలు నేను ముట్టను సార్, అవి పెద్ద కరెంటు. చిన్నదే చూస్త' అన్నాడు. తను తెచ్చిన బ్యాటరీని 12 వోల్టుల దానికి తీగలతో కలపగానే దీపాలు వెలిగాయి, స్క్రీన్ కళ్లు తెరిచింది. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. అయితే స్క్రీన్ మీద కనిపించింది మాత్రం అప్‌డేట్ పూర్తి కాలేదన్న కబురే. బండి బయల్దేరలేదు. కాకపోతే చక్రాల తాళం వదిలింది. ట్రక్కు వచ్చాక తేలిగ్గా ఎక్కించగలిగాం. మర్నాడు సర్వీస్ సెంటర్లో చిన్న బ్యాటరీ మార్చి, సాఫ్ట్‌వేర్ మళ్లీ మొదట్నుంచీ ఎక్కించాక గానీ కదల్లేదు.

కరెంటు బండి ఉన్నవాళ్లకి మా అనుభవంతో నాలుగు మాటలు. అప్‌డేట్ ఎప్పుడూ ఇంటి దగ్గరే పెట్టండి. మర్నాడు పొద్దున్నే ఊరెళ్లాల్సి ఉంటే ఆ రాత్రి అసలే వద్దు. రిమోట్‌లోని ఇనుప తాళంచెవి ఎలా బయటికి తీయాలో, చిన్న బ్యాటరీ ఎక్కడుందో ఇంట్లో అందరూ ఒకసారి చూసి పెట్టుకోండి. మందులు, టికెట్లు, నగలు డిక్కీలో కాకుండా చేతిసంచిలో ఉంచుకోండి. నారింజరంగు తీగల జోలికి మాత్రం పోవద్దు.

ట్రక్కు మా బండిని మోసుకుని నయాపూల్ ఎక్కుతుండగా ఫోన్ మోగింది. పెద్దమ్మ.

'నేనైతే ఇల్లు చేరిన బిడ్డా. చీర అందరికీ నచ్చింది. మీ బండి మొదలైందా?'

ట్రక్కు వైపు చూసి, 'బయల్దేరింది పెద్దమ్మా' అన్నాను. అబద్ధం కాదు కదా!