జాజురంగు గోడ

రమజాన్ సమీపించగానే ఇంటికి సున్నం వేయించడం మా ఆనవాయితీ. ఈ ఏడు ముందుగదిలో ఒక గోడకు జాజురంగు వేయిద్దామని మా ఇల్లాలు కోరినది. "ఉన్న తెలుపు చాలదా? ఇది దుబారా కాదా?" అని మేము కసిరాము. దుబారాను గురించి నిత్యం పిల్లలకు పాఠం చెప్పే నోరు కదా!

ఆమె వాదించలేదు. "అత్తమ్మ కోసమండీ" అన్నది, అంతే.

మా అమ్మ పల్లె విడిచి మా వద్దకు వచ్చి రెండేళ్లయినది. అక్కడ ప్రతి పండుగకు ముందు జాజును నీళ్లలో నానబెట్టి, గుడ్డతో అరుగుకూ గోడల అడుగుభాగానికీ తానే పూసేది. ఆ మట్టికి ఎరుపునిచ్చేది ఐరన్ ఆక్సైడ్. ఎండకు తేలికగా వెలిసిపోదు. మా తెల్లగోడల నడుమ ఆమె రెండేళ్లుగా అతిథివలె ముడుచుకుని కూర్చుంటున్న సంగతి కోడలు గమనించినది. కొడుకులమైన మేము గమనించలేదు.

చిన్నగదికి నాలుగు గోడలూ ఎరుపైతే చీకటి కమ్ముతుంది. కనుక కిటికీకి ఎదురుగోడకు మాత్రమే ఆ రంగు వేయించి, తక్కినవాటిని తెల్లగానే ఉంచాము. ఒక్క డబ్బా సరిపోయినది.

చూపు మందగించిన అమ్మ ఆ గోడను అరచేత్తో తడిమి, "మన అరుగు రంగేరా!" అన్నది. తొలి ఇఫ్తార్‌కు తన చాపను అక్కడే పరిపించుకున్నది.

అల్లాహ్ మనిషిని మట్టితో సృష్టించాడని ఎన్నో ఏళ్లుగా బోధిస్తున్నాము. ఆ మట్టిపై మనిషికుండే మమకారాన్ని మాత్రం మా ఇల్లాలి వద్ద నేర్చుకున్నాము. దుబారా అని తీర్పు చెప్పేముందు "ఎవరి కోసం?" అని ఒక్కమాట అడిగి ఉండవలసినది.